సున్నాల పక్కన చుక్కలు

పందొమ్మిది వందల తొంభై నాలుగు, నవంబరు పన్నెండు, రెండో శనివారం. ఆ మధ్యాహ్నం వెంకటరామయ్య తిన్నది రెండు జొన్నరొట్టెలు, పల్లికారం, సగం ఉల్లిగడ్డ. రొట్టెలు ఆయనవి కావు. నర్మద టిఫిన్ డబ్బాలోవి.

చిక్కడపల్లి మార్కెట్ వెనక సందులో ఉన్న క్లబ్బు బాస్కెట్‌బాల్ కోర్టుకు ఆయన స్కోరు రాయడానికి పొద్దున ఎనిమిదింటికే వచ్చాడు. తొమ్మిదికి రావలసిన బాగ్ లింగంపల్లి సీనియర్ అమ్మాయిల జట్టు పదకొండుకు వచ్చింది. సగం ఆట అయ్యేసరికి ఎండ నెత్తి మీదికి ఎక్కింది. మామూలుగా అయితే ఆ వేళకు ఆయన మెయిన్ రోడ్డు దాకా నడిచి రెండు ఇడ్లీలు తిని వచ్చేవాడు. అశోక్‌నగర్ ఇంట్లో డబ్బా కట్టే మనిషి పోయి ఆరేళ్లయింది. ఇడ్లీ అలవాటైంది. కానీ ఆ రోజు బల్ల దగ్గర నుంచి లేవడానికి వీల్లేకపోయింది. మొదటి సగం లెక్క అప్పుడే కూడి పెట్టుకోకపోతే రెండో సగం గీతలు వాటిలో కలిసిపోతాయి.

“సార్, తినలేదా మీరు?”

నర్మద చెమట తుడుచుకుంటూ వచ్చి సిమెంటు మెట్టు మీద కూర్చుంది. పదిహేడేళ్ల పిల్ల. మోకాళ్ల మీద గీరుకుపోయిన పాత మచ్చలు. డబ్బా మూత తీసి, మూతలోనే రెండు రొట్టెలు పెట్టి బల్ల మీదికి జరిపింది.

“నాకెందుకమ్మా. నువ్వు ఆడాలి.”

“మీరు గూడ రాయాలె గద. మా అమ్మ నాలుగు పెట్టింది. నాలుగు తింటే నేను ఉరకలేను సార్.”

పెన్సిలు చెవి మీద పెట్టుకుని ఆయన రొట్టె తుంచాడు. కారంలో వెల్లుల్లి ఎక్కువైంది, బాగుంది.

బల్ల మీద రెండు పుస్తకాలు ఉన్నాయి. ఒకటి అసోసియేషన్ వాళ్ల స్కోరు షీటు. అందులో రింగులో పడిన బంతులే ఎక్కుతాయి, తప్పిన బంతికి గడి లేదు. రెండోది వెంకటరామయ్య సొంతంగా గీతలు గీసుకున్న పొడుగు పుస్తకం. ఒక్కో పిల్లకు ఒక్కో వరస. బంతి పడితే నిలువు గీత, తప్పితే సున్నా. రెండు ఫ్రీ త్రోలు కలిపి ఒక అవకాశం. చివరికి వచ్చిన పాయింట్లను మొత్తం అవకాశాలతో భాగిస్తాడు. ప్రభుత్వ ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన చేస్తున్నదీ దాదాపు ఇదే. ఊళ్లలో తాడు పట్టి మడి కొలిచి, కోయించి, తూయించి పంపిన పంట లెక్కలను ఎకరాకు ఎంత అని తేల్చడం.

పోయిన ఏడు అంబిక అనే పిల్లను పాయింట్లు తక్కువని జట్టులోంచి తీసేశారు. ఆ పిల్ల పది బంతులు వేస్తే ఏడు పడేవి. కాకపోతే పదే వేసేది. అది చూసి ఊరుకోలేకే ఆయన ఈ పుస్తకం మొదలుపెట్టాడు. నారాయణగూడ స్కూల్లో డ్రిల్లు మాస్టరు, ఈ క్యాంపు కోచ్ మొగిలయ్య, ఏడాది పాటు ఆయన పోరు విని విని చివరికి ఒప్పుకున్నాడు. గుంటూరులో జరిగే రాష్ట్ర పోటీలకు వెళ్లే జూనియర్ జట్టులో పదకొండు పేర్లు తేలిపోయాయి. పన్నెండో పేరు నర్మదా, పల్లవా అన్నది ఈ మూడు మ్యాచ్‌ల లెక్క చెప్పాలి. గురువారం ఒకటి, శుక్రవారం ఒకటి అయ్యాయి. ఇది మూడోది.

“జట్ల పేరొస్తే విద్యానగర్ ఆటల హాస్టల్ల ఉంచుకుంటరంట గద సార్,” అంది నర్మద, రొట్టె నమలుతూ. “మేస్త్రీ వచ్చే నెల మావోళ్లందర్ని పుణె తోల్కపోతుండు. పెద్ద బిల్డింగ్ పని ఉందంట.”

అడిగినట్టు అనలేదు. రేపు వాన పడొచ్చు అన్నట్టు అంది. వెంకటరామయ్య ఉల్లిగడ్డ ముక్క కొరికి తల ఊపాడు. ఆ పిల్ల అన్నం తింటూ ఆ పిల్లకు మాట ఇవ్వడం మంచిది కాదనుకున్నాడు.

రెండో సగం మొదలైంది. పోలు పక్కన స్టూలు మీద క్లబ్బు వాచ్‌మన్ ఈరన్న స్టాప్‌వాచీ పట్టుకుని కూర్చున్నాడు. బంతి చేతికొచ్చిన జట్టు ముప్పై సెకన్లలోపు రింగు మీదికి వేయాలి. ఇరవై అయ్యాక ఈరన్న “పది!” అని, ఇరవై అయిదు దాటగానే “అయిదు!” అని మార్కెట్ దాకా వినపడేలా అరుస్తాడు. ముప్పై దాటితే విజిల్. దానికి తోడు మొగిలయ్య క్యాంపులో ఒక కాయిదా పెట్టాడు. వేయకుండా ముప్పై సెకన్లు పోగొడితే జట్టంతా కోర్టు చుట్టూ రెండు రౌండ్లు ఉరకాలి. వేసి తప్పితే ఏమీ లేదు.

“పది!”

పల్లవి బంతిని కుడివైపు ఇచ్చింది. అది తిరిగి పల్లవికే వచ్చింది.

“అయిదు!”

బంతి ఎడమ మూలకు, తెల్లగీత చెరిగిపోయిన చోటికి వెళ్లింది. అక్కడ నర్మద ఉంది. ఆమె మీద ఇద్దరు సీనియర్లు చేతులు చాచి ఉన్నారు. వాళ్ల చేతుల మీదుగా ఒళ్లు విల్లులా వంచి వేసింది. బంతి రింగు అంచుకు తగిలి బయటికి దూకింది.

“పర్లేదు నర్మదా!” అని పల్లవి చప్పట్లు కొట్టింది.

వెంకటరామయ్య తల వంచి నర్మద వరసలో సున్నా చుట్టాడు. ఆయన సున్నాలు చిన్నవి, గుండ్రనివి. తల ఎత్తేసరికి బంతి అవతలి రింగు దగ్గరికి పోయి ఉండేది.

ఆట అయ్యాక బంతులన్నీ ఏరి స్టోరు రూములో పెట్టేది నర్మదే. ఆ గది ఇనుప తలుపు బందు వదులై కిందికి వాలిపోయింది. ఎవరు వేసినా నేల మీద గీసుకుంటూ పళ్లు జివ్వుమనేలా కీచుమంటుంది. నర్మద వేస్తే మటుకు చప్పుడు ఉండదు.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళ వెంకటరామయ్య ఇంట్లో బల్ల ముందు కూర్చున్నాడు. మూడు మ్యాచ్‌ల గీతలు, సున్నాలు వేరే కాగితం మీదికి ఎత్తి రాశాడు. నర్మద పాయింట్లు నలభై అయిదు, అవకాశాలు అరవై. పల్లవి పాయింట్లు ముప్పై ఆరు, అవకాశాలు ముప్పై ఆరు. భాగిస్తే నర్మదకు సున్నా పాయింట్ ఏడు అయిదు. పల్లవికి సరిగ్గా ఒకటి.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ మొదటి నుంచి కూడాడు. గురువారం సున్నాలు ఎక్కువ ఎంచానేమోనని వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కించాడు. ముప్పై అయిదు సున్నాలు. మారలేదు. మూడోసారి కూడబోయి ఆగిపోయాడు. ఇన్నిసార్లు ఎందుకు కూడుతున్నట్టు? పల్లవికి తక్కువ వచ్చి ఉంటే ఇన్నిసార్లు కూడేవాడా? మధ్యాహ్నం తిన్న వెల్లుల్లి వాసన ఇంకా వేళ్లకు ఉంది. ఆయన లేచి సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి, కాగితం కింద సంతకం పెట్టాడు.

ఆదివారం పొద్దున కోర్టు దగ్గర మొగిలయ్య ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. ఒక కాలు స్కూటరు మీద, ఒక కాలు నేల మీద. హెల్మెట్ చేతికి తగిలించుకుని ఉన్నాడు.

“పాయింట్లు నర్మదకే ఎక్కువున్నయ్ గద సార్.”

“పాయింట్లు ఎక్కువే. దానికి ఎన్ని బంతులు ఖర్చయ్యాయో చూడండి. అంబిక సంగతిలో మనం చేసిన తప్పు అదే కదా.”

“అవ్. గని ఈ పోరి దిల్దార్ పిల్ల సార్. భయపడది.”

“దిల్దార్‌ను ఎట్లా కొలుస్తామండీ? రేపు ఎవరైనా అడిగితే ఏం చూపిస్తాం? మీరే అన్నారు, ఈసారి లెక్క చెప్పినట్టే అని.”

మొగిలయ్య లెక్క కాగితం ఆయనకు తిరిగి ఇచ్చేశాడు. జేబులోంచి పెన్ను తీసి లిస్టులో పన్నెండో గీత మీద పల్లవి పేరు రాశాడు. రాసి, సిరా ఆరడానికి కాగితాన్ని రెండుసార్లు ఊపాడు. పది గంటలకల్లా అసోసియేషన్ ఆఫీసులో ఇవ్వాలని వెళ్లిపోయాడు.

పదకొండు ప్రాంతంలో గేటు దగ్గర ఒక మనిషి నిలబడ్డాడు. లుంగీ, సిమెంటు మరకల చొక్కా, భుజాన తువ్వాలు. లోపలికి రాకుండా ఈరన్నను ఏదో అడిగి, అతను చూపించిన వైపు చూసి, చెప్పులు గేటు దగ్గరే విప్పి వచ్చాడు.

“దండం సారు. నేను కురుమయ్యను. నర్మద నాయినను.”

వెంకటరామయ్య కుర్చీ చూపించాడు. అతను మెట్టు మీదే, నిన్న కూతురు కూర్చున్న చోటే కూర్చున్నాడు.

“మా పోరి పేరు ఏసిండ్రా సారు?”

“లేదు కురుమయ్యా. ఈసారి రాలేదు.”

కురుమయ్య తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకుని మడతలు పెట్టాడు. నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్లీ పెట్టాడు. కోపం రాలేదు. ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే వెంకటరామయ్య కాగితం చూపించి ఉండేవాడు. కాగితం జేబులోనే ఉంది.

“సారు ఏడ పని చేస్తరు?” అని అడిగాడు కాసేపటికి, మర్యాదకు ఏదో మాట్లాడాలన్నట్టు.

“పంటల లెక్కలు చూసే ఆఫీసులో.”

“అచ్ఛా. మా దిక్కు గూడ అస్తరు సారు, తాడు వట్టుకొని. మాది పాలమూరు. మడి కొల్సి, కోయించి, తూకమేసి రాస్కపోతరు.” అతని ముఖంలో కొంచెం వెలుగు వచ్చింది. “మాది అంత చెల్క సారు. ఎర్రమన్ను, ఇసుక. వాన వడితే ఎకరానికి రెండు బస్తాల జొన్న. వడకుంటే గదీ లేదు. కాల్వ కిందోళ్లు ముప్పై బస్తాల వడ్లు తీస్తరు. మీ ఆఫీసుల ఎట్ల రాస్తరు సారు, చెల్క, మాగాణి ఒక్కతాన్నే కలిపి రాస్తరా?”

“లేదు లేదు. వేరువేరుగా రాస్తాం. కలపకూడదు. నీళ్లున్న నేలనూ లేని నేలనూ పక్కపక్కన పెట్టి చూస్తే లెక్కే...”

ఆయన మాట అక్కడ ఆగింది. ఎందుకు ఆగిందో ఆయనకు వెంటనే తెలియలేదు. ఏదో వస్తువు ఇంట్లో మరిచి వీధిలోకి వచ్చినప్పటి గుబులు.

“గట్ల రాస్తే మంచిదే సారు,” అన్నాడు కురుమయ్య. లేచి, “పోరి రేపటిసంది మాతోని పనికి అస్తది. క్లబ్బు బూట్లు ఉన్నయంట, ఇచ్చిపోతది,” అని చెప్పులు తొడుక్కుని వెళ్లాడు.

సోమవారం ఆఫీసులో గంట ముందుగా సెలవడిగి వెంకటరామయ్య నాలుగున్నరకు కోర్టుకు చేరాడు. ఎంపికైన పన్నెండు మందికి మళ్లీ అదే బాగ్ లింగంపల్లి జట్టుతో ఆట. ఆయన పొడుగు పుస్తకం తెరిచి కొత్త పేజీలో పేర్లు రాసుకున్నాడు. పదకొండు పేర్ల తర్వాత చేయి అలవాటుగా ‘న’ రాసింది. రబ్బరుతో చెరిపి పల్లవి పేరు రాశాడు.

ఆట మొదలైన మూడో నిమిషంలో సీనియర్లు గట్టిగా అడ్డుకున్నారు. బంతి చేతులు మారుతోంది గానీ ముందుకు కదలడం లేదు.

“పది!” అన్నాడు ఈరన్న.

బంతి పల్లవి దగ్గరికి వచ్చింది.

“అయిదు!”

పల్లవి తల తిప్పి చూడకుండానే ఎడమ మూలకు బంతి విసిరింది. తెల్లగీత చెరిగిపోయిన చోట ఎవరూ లేరు. బంతి నేలకు ఒకసారి తగిలి, పైకి లేచి, కాంపౌండు గోడకు కొట్టుకుని దొర్లుకుంటూ వచ్చి స్కోరు బల్ల కాలి దగ్గర ఆగింది.

ఎవరూ నవ్వలేదు. పల్లవి ఆ ఖాళీ చోటు వైపు చూస్తూ నిలబడింది. మిగతా నలుగురూ అటే చూస్తున్నారు.

వెంకటరామయ్య చేతిలో పెన్సిలు ఉంది. రాయడానికి ఏమీ లేదు. బంతి రింగు మీదికి వెళ్లనేలేదు కాబట్టి గీతా లేదు, సున్నా లేదు. ఆయన పుస్తకం ప్రకారం అక్కడ ఏమీ జరగలేదు.

తర్వాత ఆయన రాయడం మానేసి చూశాడు. ఇన్నాళ్లూ తల వంచుకున్న క్షణాల్లో తల ఎత్తి ఉంచాడు. “అయిదు!” అని వినపడగానే పిల్లల చేతుల్లో బంతి కాలిన పెనంలా అవుతోంది. ఒకరు ఇంకొకరికి, ఆ ఇంకొకరు మరొకరికి. విజిల్. రెండు రౌండ్లు. మళ్లీ ఆట. మళ్లీ విజిల్. సగం ఆట అయ్యేసరికి పిల్లలు పన్నెండు రౌండ్లు ఉరికారు. పోయిన మూడు మ్యాచ్‌లలో వాళ్లు ఒక్క రౌండు కూడా ఉరకలేదన్న సంగతి ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది.

పల్లవి నీళ్లు తాగడానికి కుండ దగ్గరికి వచ్చినప్పుడు పిలిచాడు.

“అమ్మా, చివర్లో బంతి నర్మదకే ఎందుకు ఇచ్చేవాళ్లు?”

ఆ పిల్ల గ్లాసు చేతిలో పట్టుకుని కొంచెం ఆలోచించింది. అంతకుముందు ఎవరూ అడగని ప్రశ్న.

“తను వేసేస్తుంది కదా అంకుల్. మేం వేసి తప్పితే అందరూ చూస్తారని భయం. తనకు ఆ భయం లేదు. ‘అయిదు అంటే నాకు ఇయ్యుండ్రి, మీరు ఉరుకుడు తప్పుతది’ అని తనే చెప్పింది మొదటి రోజు.” గ్లాసు బోర్లించి పెట్టింది. “ఏం అంకుల్, తప్పా?”

“తప్పేం లేదమ్మా. నువ్వు వెళ్లి ఆడు.”

ఆట అయ్యాక మొగిలయ్యను పక్కకు పిలిచి, ఆయన నిలబడే చెప్పాడు. చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు.

“నీళ్లున్న మడికీ లేని మడికీ ఒకటే కొలత పెట్టాను మొగిలయ్య గారూ. ముప్పై ఒక్క ఏళ్లు ఆఫీసులో ఆ తప్పు చేయవద్దని కుర్రాళ్లకు చెప్పినవాణ్ని. నేనే వెళ్లి అసోసియేషన్‌లో చెప్తాను, లెక్క నాది, తప్పు నాదని.”

మొగిలయ్య విజిల్ తాడు వేలికి చుట్టుకుని విప్పుకుంటున్నాడు.

“పొద్దుగాల్నే పోయొచ్చిన సార్. మీ లెక్క తప్పని కాదు, నాకే మనసున పట్టలే. పదమూడో పేరు రాస్కోమని అడిగిన. రైలు టికెట్లు పన్నెండే అన్నరు. లిస్టు గుంటూరు పోయిందంట. ఎవల కాలన్న ఇరిగితే చెప్పు, మారుస్తం అన్నరు.”

“మీకు తెలుసా? చివరి బంతులన్నీ ఆ పిల్లే వేస్తోందని?”

“చూస్తనే ఉన్న గద సార్, పక్కన నిలవడి.”

“మరి నిన్న చెప్పలేదేం?”

“మీది లెక్క, నావి కండ్లు. లెక్క ముందట కండ్లు ఏం చెప్తయ్ సార్?” ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. మొగిలయ్య ఆయన భుజం మీద ఒక్క క్షణం చేయి వేసి, స్కూటరు తీసుకుని వెళ్లాడు.

పిల్లలంతా వెళ్లిపోయారు. స్టోరు రూములో బల్బు వేసుకుని వెంకటరామయ్య పుస్తకం ముందు పెట్టుకు కూర్చున్నాడు. గురువారం పేజీ. నర్మద వరస. గీత, సున్నా, సున్నా, గీత, సున్నా. ఏ సున్నా ఎప్పుడు పడిందో చెప్పే గుర్తు ఎక్కడా లేదు. ఈరన్న అరుపు మూడు రోజులూ ఆయన చెవిలోనే పడింది. అది రాయవలసిన సంగతని ఆయనకు తోచలేదు.

ఏడు కావస్తుండగా నర్మద వచ్చింది. పని నుంచి నేరుగా వచ్చినట్టుంది, మోచేతుల మీద సిమెంటు తెల్లగా ఆరిపోయి ఉంది. చేతిలో బూట్లు. ఉతికి, ఆరబెట్టి, ముడుచుకుపోకుండా లోపల పాత పేపరు కుక్కి తెచ్చింది.

“గేటు కాడ మా అమ్మ ఉంది సార్. ఇచ్చి పోదామని.”

“నీ దగ్గరే ఉంచుకో. రిజిస్టరు సంగతి నేను చూసుకుంటాను.”

“వద్దు సార్. ఆడ కోర్టు ఉంటదో ఉండదో.” ఆమె వెళ్లి బూట్లను అరలో వాటి నంబరు దగ్గర పెట్టింది. మడమలు సమానంగా ఉండేలా సర్దింది.

“నర్మదా, నా లెక్క తప్పమ్మా.”

ఆమె తిరిగి చూసింది. “సున్నాలు నావే గద సార్. ఏసింది నేనే.”

“వేసింది నువ్వే. ఎప్పుడు వేశావో నేను రాసుకోలేదు. ఈరన్న అయిదు అన్నాక వేసినవి వేరు, మామూలుగా వేసినవి వేరు. రెండూ కలిపేశాను. ఇప్పుడు విడదీయడానికి కూడా నా దగ్గర ఏమీ లేదు.”

నర్మద బల్ల దగ్గరికి వచ్చి పుస్తకం మీదికి వంగింది. తన వరస మీద వేలు పెట్టింది.

“నాకు యాదికున్నయ్ సార్.”

“ఏమిటి?”

“అన్నీ. తప్పినయి మర్సిపోతమా?” వేలు మొదటి సున్నా మీద ఆగింది. “గిది గురువారం. ఫస్టుది. పల్లవి ఇచ్చింది, అయిదు అన్నంక. రింగు ఎనక తగిలింది.”

ఆయన పెన్సిలు తీసి ఆ సున్నా పక్కన చిన్న చుక్క పెట్టాడు.

“గిది గూడ. పొడుగామె చెయ్యి అడ్డం వెట్టింది.” చుక్క. “గిది గూడ అయిదు అన్నంకనే.” చుక్క.

తర్వాతి సున్నా పక్కకు పెన్సిలు వెళ్లబోతుంటే ఆమె చేయి అడ్డం పెట్టింది.

“గిది కాదు సార్. గిది నాదే తప్పు. ముందట ఎవ్వరు లేకుండె. పడాలె. పడలే.”

ఈరన్న తాళంచెవులతో వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. సంగతి అర్థం చేసుకోవడానికి కాసేపు పట్టింది. తర్వాత అతనూ లోపలికి వంగాడు. “శుక్రవారం బంతి మోరీల వడ్డదా, గదే గద? అవ్, గప్పుడు నేను ఒర్రిన. విజిల్ నోట్ల వెట్టుకున్న గూడ.” చుక్క.

ముప్పై అయిదు సున్నాల్లో ఇరవై మూడింటి పక్కన చుక్కలు పడ్డాయి. పన్నెండింటికి ఆమె చుక్క పెట్టనివ్వలేదు. పడిన బంతుల్లో మూడు కూడా అయిదు తర్వాతవే అని ఆమే చెప్పింది. వెంకటరామయ్య ఆ ఇరవై ఆరు బంతులనూ తీసి పక్కన పెట్టి, మిగిలిన వాటిని భాగించాడు. ముప్పై నాలుగు అవకాశాలు, ముప్పై తొమ్మిది పాయింట్లు.

“ఎంత సార్?”

“ఒకటి పాయింట్ ఒకటి అయిదు.”

“పల్లవిది?”

“ఒకటి.”

బల్బు చుట్టూ పురుగులు తిరుగుతున్నాయి. నర్మద మోచేతి మీది సిమెంటును గోటితో గీరింది. పొట్టు రాలి పుస్తకం మీద పడితే ఊది తుడిచింది.

“పల్లవికి చెప్పకుండ్రి సార్. పరేషాన్ అయితది. గుంటూర్ల మంచిగ ఆడాలె ఆమె.” గుమ్మం దాకా వెళ్లి మళ్లీ ఆగింది. “అయిదు అన్నంక ఏస్తే తప్పుతది, గంతే అని చెప్పుండ్రి. ఎవరన్న ఒకరు ఎయ్యాలె గద.”

గేటు దగ్గర నుంచి తల్లి పిలిచింది. నర్మద “అస్తున్న” అని, ఇనుప తలుపు వైపు చూసి, “జర పైకి లేపి నూకుండ్రి సార్. గుంజితే ఒర్రుతది,” అని చెప్పి వెళ్లిపోయింది. సందు చివర మార్కెట్ లైట్లలో ఇద్దరూ కాసేపు కనిపించారు. తల్లి నెత్తి మీది తట్టను కూతురు తీసుకుని తన నెత్తిన పెట్టుకుంది. తర్వాత కూరగాయల బండ్లు అడ్డమొచ్చాయి.

ఈరన్న తాళం ఆయన చేతికిచ్చి గేటు వైపు నడిచాడు. వెంకటరామయ్య పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు. బల్బు ఆర్పాడు. చీకట్లో అరలో ఉన్న బూట్లు తెల్లగా కనిపించాయి. ఆయన గుమ్మం బయటికి వచ్చి, రెండు చేతులతో తలుపు అంచు పట్టుకుని, కొంచెం పైకి లేపి, మెల్లగా నూకాడు. చప్పుడు కాలేదు.